మొండోడు ఎలా ఉన్నాడు?

మీ ఆవిడ ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అన్నయ్య "మేపుతుంది" అనేవాడు. పశువులనా అని వాళ్లు నోరు తెరిస్తే, "కంటికి ఆననివాటిని" అని మళ్లీ కత్తెర అందుకునేవాడు. దర్జీ కదా, మాటలు కూడా కొలిచి కత్తిరించి ఇచ్చేవాడు.

నిజానికి వదిన పని అదే. క్యాన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబులో ఇరవై రెండేళ్లుగా కణాలను పెంచుతోంది. ఎప్పుడో పోయిన ఎవరో మనిషి ప్రోస్టేట్ క్యాన్సర్‌లోంచి తీసిన కణాలవి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ సీసాల్లో, గులాబీ రంగు ద్రవంలో, మన ఒంటి వేడి ఉండే పెట్టెలో బతుకుతాయి. రోజు విడిచి రోజు పాత ద్రవం తీసేసి కొత్తది పొయ్యాలి. దాన్ని ఆవిడ మేత అంటుంది. జ్వరమొచ్చినా మేత రోజు తప్పేది కాదు. నా పెళ్లి రోజున కూడా మధ్యలో మాయమై రెండు గంటలకు తిరిగొచ్చింది. ఆ కోపం నాకు చాలా ఏళ్లు ఉండిపోయింది.

ఆరేళ్ల కిందట ల్యాబులో పెద్ద డాక్టర్‌గారు ఒక సీసా మేతలోంచి మగ హార్మోను తీసేయమన్నారు. ఎందుకో వదిన మాకు టీ తాగుతూ చెప్పింది. కణం లోపల ఒక గ్రాహకం కాచుకుని ఉంటుందట. హార్మోను వచ్చి దాన్ని అంటుకోగానే అది కణం నడిబొడ్డుకు వెళ్లి "పెరుగు, రెండవ్వు" అని కబురు చెబుతుందట. హార్మోను రాకపోతే కబురూ లేదు, పెరగడమూ లేదు. అన్నట్టే సీసాలో కణాలు వేలకు వేలు చచ్చాయి. ఇక పారేయమన్నారు. అడుగున నాలుగైదు ఇంకా అంటుకునే ఉన్నాయని వదిన పారేయలేదు.

ఆ సీసాకు మొండోడని పేరు పెట్టింది అన్నయ్యే. కొట్టు మూసి ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే, "మొండోడు ఎలా ఉన్నాడు?" అనేవాడు.

"క్యాన్సర్ని వెనకేసుకొస్తావేంటన్నయ్యా?" అని నేను దెప్పేదాన్ని.

"ఏదైతేనేం? తిండి లేకపోయినా పట్టు వదల్లేదు. బతకనీ పాపం."

ఎనిమిదో నెలకు, హార్మోను లేకుండానే, సీసా నిండిపోయింది. ఎవరూ వచ్చి తట్టకపోయినా గ్రాహకం తనంతట తానే కబురు మోయడం నేర్చుకుందట. పక్కనే ఇంకో దారి కూడా తెరుచుకుందట. ఆ దారిన వచ్చే కబురు పెరగమనడంతో ఊరుకోదు, ఉన్నచోటు వదిలి కదలమంటుంది. ఒంట్లో అయితే అలా కదిలినవి ఎక్కువగా ఎముకల్లో చేరతాయని చెప్పింది వదిన. ఓపిగ్గా కాపాడిందని అందరిముందూ పెద్ద డాక్టర్‌గారు ఆవిడను మెచ్చుకున్నారు. మొండోడు గెలిచాడని అన్నయ్య మాకందరికీ ఐస్‌క్రీం కొనిపెట్టాడు.

మూడేళ్లు గడిచాక అన్నయ్యకు నడుము నొప్పి పట్టుకుంది. కుట్టుమిషను మీద వంగి వంగి వచ్చిందనుకున్నాం. మాటిమాటికీ బాత్రూంకి లేవడాన్ని వయసు మీదికి నెట్టేశాం. వదిన రోజూ నడుముకు మందు రాసేది. తీరా చూస్తే అన్నయ్యకూ ప్రోస్టేట్ క్యాన్సరే, అప్పటికే ఆ ఎముకల్లో చేరిపోయింది. "ఇన్నేళ్లు వాటి మొహమే చూశాను. నా వేళ్ల కింద ఉంటే పోల్చుకోలేకపోయాను" అని ఆసుపత్రి వరండాలో నా భుజం మీద పడి ఏడ్చింది.

హార్మోనును ఆపే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడు నెలలకు రక్తపరీక్షలో పీఎస్ఏ, అంటే ఈ క్యాన్సర్ జోరు చూపే అంకె, రెండు వందల నుంచి ఒకటికి దిగింది. నొప్పి పోయింది, అన్నయ్య కొట్టు తెరిచాడు, ఇంటిల్లిపాదీ గాల్లో తేలాం. వదిన మాత్రం రిపోర్టు చూసి, మడిచి సంచిలో పెట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మనిషి గట్టెక్కాడన్నా నీకు సంతోషం లేదా వదినా? నీకు ఆ సీసాలే మొగుడూ పిల్లలూనా?" అని నోరు పారేసుకున్నాను.

హార్మోను తీసేసిన సీసా మొదట్లో ఇలాగే ఖాళీ అవుతుందని మా అందరిలో ఆవిడకే తెలుసు. ఆ సంగతి అన్నయ్య దాకా పోకూడదని పళ్ల బిగువున ఉండిపోయింది. ఆ రోజు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

పదకొండో నెలలో అంకె మళ్లీ లేచింది. వదిన రిపోర్టు పట్టుకుని అన్నయ్య మంచం పక్కన కూర్చుంది. ఎలా చెప్పాలో తెలియక సంచి పట్టీని మెలిపెడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"మొండోడికి ఎన్ని నెలలు పట్టింది?" అన్నాడు అన్నయ్య.

వదిన పట్టీ మెలిపెట్టడం ఆపేసింది.

"ఎనిమిది కదూ? నావాడికి పదకొండు. బద్ధకస్తుడు, నా పోలికే."

"మీకు తెలుసా?"

"ఆ ఇంజెక్షను ఏం చేస్తుందో డాక్టరు చెప్పిన రోజే తెలిసింది. మేత ఆపడమేగా! నువ్వేమో చెప్పలేవు. నేను అడిగితే ఏడుస్తావు. అందుకే నోరు మూసుకుని కొట్టు తెరుచుకున్నా."

వదిన అన్నయ్య చేతిమీద తల ఆనించి బావురుమంది. "నేనే పెంచానండీ వాణ్ని. పారేయమన్నా పారేయలేదు."

"బతకనీ అన్నది నేనేగా" అన్నాడు అన్నయ్య, ఆవిడ తల నిమురుతూ. "ఇప్పుడూ పారేయకు. ఏ దారిన తప్పించుకున్నాడో వాడి దగ్గరే తెలియాలి. మేపు."

వేరే మందులు ఇంకో ఏడు నెలలు లాక్కొచ్చాయి. అంతే. అన్నయ్య పోయిన మూడో రోజు పొద్దున్నే వదిన ల్యాబుకు బయల్దేరింది. "మేత రోజు" అంది నా వైపు చూడకుండా. "తెలుసు" అన్నాను. ఈసారి నాకు కోపం రాలేదు.

కొట్టు మూతపడింది. సగం కుట్టిన చొక్కాలను ఎవరివి వాళ్లకు నేనే తిరిగిచ్చాను. సాయంత్రాలు వదిన వచ్చే వేళకు వెళ్లి ఆ ఇంట్లో కూర్చుంటున్నాను. ఆ సీసా నా చేతికి దొరికితే గోడకేసి కొట్టేస్తాను, అంత కసి ఉంది నాకు. అయినా ఆవిడ చెప్పులు విప్పుతుంటే అడుగుతాను, అడిగే మనిషి ఇంకెవరూ లేరు గనక.

"మొండోడు ఎలా ఉన్నాడు వదినా?"

"బాగానే ఉన్నాడు" అంటుంది. ఆ మాట పూర్తి కాకుండానే ఏడ్చేస్తుంది.