కుళాయి దగ్గర ఆగిపోయిన పిల్లలు

జీతాల పట్టీలో ఆ బడి ఆయాకు ఇంటిపేరుతో సహా నిండైన పేరొకటి ఉన్నా, బడికంతటికీ ఆమె కుళాయమ్మే. పంతులమ్మ ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చిన తొలి ఉదయం వాన వెలిసి వీధంతా బురదగా ఉంది. గడపలో అడుగు పెట్టబోతుండగా చీపురొకటి అడ్డం వచ్చింది.

“కాళ్లు కడుక్కుని రండమ్మా. ఇది బడి.”

“నేను కొత్తగా వచ్చిన పెద్ద పంతులమ్మని.”

“అయితే మరీ మంచిది. మిమ్మల్ని చూసి పిల్లలు నేర్చుకుంటారు.”

పంతులమ్మ వెళ్లి కాళ్లు కడుక్కుంది. తన తప్పును అంత సూటిగా దిద్దినవారు అంతకుముందు లేరు. ఆయా మీద ఆమెకు గౌరవం ఆ క్షణంలోనే కుదిరింది.

బడిపిల్లల్లో సగం మంది ఇటుక బట్టీవాళ్లు. తెల్లవారుజామునే పచ్చి ఇటుకలు తిరగేసి, గంట వేళకు ఒంటినిండా ఎర్రదుమ్ముతో పరుగెత్తుకొచ్చేవారు. వాళ్లు వచ్చి కూర్చుంటే పక్క పిల్లలు ఎడంగా జరిగేవారు. ఒకనాడు ఆ బట్టీ పిల్లల్లో ఒకతె అయిన కుళాయమ్మ మనవరాలినే ఎవరో “ఇటుకపిల్లా” అన్నారు. ఆనాటి నుంచి బట్టీ పిల్లలను కుళాయి దగ్గర ఆపి, మొహాలూ మోచేతులూ తోమి, తల దువ్వి మరీ లోపలికి పంపడం ఆమె తనంత తానుగా పెట్టుకున్న పని.

“ఇప్పుడు చెప్పమనండి, వీళ్లలో బట్టీవాడెవడో, షావుకారు కొడుకెవడో! ఆ దేవుడు కూడా పోల్చుకోలేడు,” అనేది.

వాళ్లు వచ్చి కూర్చునేదాకా పంతులమ్మ పాఠం మొదలుపెట్టేది కాదు.

ఇలా ఉండగా, పిల్లలు తక్కువున్న బడులను పెద్ద బడుల్లో కలిపివేయాలని ఉత్తర్వు వచ్చింది. తనిఖీకి అధికారి వస్తున్నాడని విని, కుళాయమ్మ కొత్త సబ్బు విప్పింది. ఆయన వచ్చేది శుభ్రం చూడడానికి కాదు, తలలు లెక్కపెట్టడానికని ఆమెకు తట్టలేదు.

“మెడ వెనకాల కూడా తోముకోరా! మన బడి పరువంతా నీ మెడ మీదే ఉంది.”

గంట మోగింది. అధికారి గదులన్నీ తిరిగి, బల్లల మీదున్న పిల్లలను లెక్కించి కలం జేబులో పెట్టుకున్నాడు.

“బట్టీ పిల్లలు కుళాయి దగ్గరున్నారండీ. కాస్త ఆగండి,” అంది పంతులమ్మ.

“గంట కొట్టాక గదిలో ఉన్నవాళ్లే హాజరు, మేడమ్. ఆ నియమం నేను పెట్టింది కాదుగా.”

“కిటికీలోంచి చూసినా కనబడతారు.”

“కిటికీలోంచి చూడమని ఉత్తర్వులో లేదండీ.”

తడి తలలతో, మెరిసే మొహాలతో పిల్లలు లోపలికి వచ్చేసరికి ఆయన జీపు వీధి మలుపు తిరుగుతోంది.

“పెద్దాయన చూశాడా అమ్మా, ఎంత ముద్దొస్తున్నారో!” అని గుమ్మంలోంచి అడిగింది కుళాయమ్మ.

బడి మూతపడింది. పంతులమ్మ చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. “ఎంత దూరమండీ, రోడ్డు దాటితే పెద్ద బడే కదా,” అన్నారు అక్కడివారు. వారి పటంలోని రోడ్డు మీద లారీలు లేవు. దింపేవారున్న పిల్లలు దాటారు. బట్టీ పిల్లలు ఈవలే ఉండిపోయారు. సగం చదివిన వాచకాన్ని గూట్లో పెట్టి, మనవరాలు ఇటుకల తట్ట నెత్తికెత్తుకుంది. లెక్క ఎందుకు తగ్గిందో ఎవరి నోటనో విన్న కుళాయమ్మ మళ్లీ ఆ కుళాయి వైపు వెళ్లలేదు.

పదవీ విరమణ తరువాత పంతులమ్మ తన వసారాలో సాయంత్రాలు ఆ బట్టీ పిల్లలకు పాఠాలు చెప్పసాగింది. అందరూ పని దుమ్ముతోనే వచ్చేవారు, కుళాయమ్మ మనవరాలు మాత్రం రాలేకపోయేది. ఆ పిల్లకు బట్టీలో నీళ్ల వంతు వచ్చి, ఒళ్లు కడుక్కునేసరికి పాఠం అయిపోయేది. దుమ్ముతో చదువు దగ్గరికి వెళ్లరాదని అమ్మమ్మ నేర్పిన పిల్ల మరి.

కుళాయమ్మ మంచం పట్టిందని తెలిసి పంతులమ్మ చూడబోయింది. ఏళ్ల తరబడి సబ్బునీళ్లలో నానిన ఆ చేయి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

“ఒక్కటి అడుగుతానమ్మా, కాదనకండి.”

“అడుగు.”

“రేపు మా పిల్లని పంపిస్తాను. మొహం కడుక్కుందా, కాళ్లు కడుక్కుందా అని చూడకండి. ముందు లోపల కూర్చోబెట్టండమ్మా.”