కాక ఊదిన గొట్టం

గోదావరిఖనిలో ఎవరైనా దగ్గితే పక్కవాడు మందు సంగతి అడగడు, "ఇంకెంత సర్వీసుంది?" అని అడుగుతాడు. కార్మికుడు రిటైర్మెంటుకు ముందే జబ్బుపడి గనిలో దిగడానికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. దాన్నే మేం అన్‌ఫిట్ కావడం అంటాం. అందుకే ఇక్కడ నీ ఒళ్లు బాగుందని డాక్టరు చెబితే మొహాలు మాడిపోతాయి. ఇక్కడి గని కార్మికుల క్వార్టర్లలోనే పెరిగి, ఊపిరితిత్తుల డాక్టర్నై, బొగ్గు దుమ్ము మీద పరిశోధన చేస్తున్న నాకు ఇవన్నీ తెలుసు. తెలుసన్న పొగరే నా పరువు తీసింది.

మొన్న చలికాలంలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఊపిరి పరీక్షలు పెట్టాను. గొట్టంలో గట్టిగా ఊదాలి, మూడుసార్లు. నా పరిశోధనకు దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు కావాలి. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా కావాలని మెల్లగా ఊదేవాళ్లే. గదమాయిస్తే మాత్రం నిక్షేపంగా ఊదేవారు. నా ఓపిక నశించింది.

అప్పుడొచ్చాడు కాక. మా పక్క క్వార్టరే. నాన్నతో ఒకే షిఫ్టులో దిగినవాడు, చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి దింపినవాడు. రిటైర్మెంటు దగ్గరపడింది, డిగ్రీ చదివిన కొడుకు ఆటో నడుపుతున్నాడు. కాక ఊదాడు. కంప్యూటర్ తెర మీద గీత మామూలులో సగం కూడా లేవలేదు.

"ఏం కాకా, నా దగ్గర గూడ యాక్టింగేనా?" అన్నాను, హాలంతా వినేలా. అందరూ గొల్లుమన్నారు.

కాక నవ్వలేదు. "నీ దగ్గర ఎందుకు చేస్త బిడ్డా" అని కండువా తీసి కుర్చీ మీద పెట్టి మళ్లీ ఊదాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి ఊదాక దగ్గుతో ఒంగిపోయాడు. తెర మీద మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నటించేవాడికి మూడూ అలా ఒకేలా రావు. మెడికల్ కాలేజీలో పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనతో నీళ్లు తాగించి, పక్కన కూర్చుని చెప్పాను.

"కాకా, తప్పైంది. నీ ఊపిరితిత్తులు బాగా ఖరాబైనయి. ఇగ గనిల దిగొద్దు."

కాక మొహం వెలిగిపోయింది. "నిజంగనా? అయితే అన్‌ఫిట్ అయితనా? పోరనికి నౌకరి వస్తదా?"

బోర్డు నా చేతిలో లేదని, నా పరీక్ష అక్కడ చెల్లదని చెప్పాను. ఆయనకదేం పట్టలేదు. "ఖరాబైందైతే నిజమే గదా, వాళ్లు గూడ చూస్తరు తియ్. నీ నోట్ల చక్కెర పొయ్య" అని నా చేతులు పట్టుకున్నాడు.

ఆ సంబరం చూసి కాక మీద జాలిపడి ఊరుకునేదాన్నే. కానీ ఆ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు, సిగ్గు కంటే ముందు నా లోపల మెదిలిన మాట నాకు తెలుసు. హమ్మయ్య, ఒకరు దొరికారు.