చెల్లెలు రాసే మెయిల్ మూతపడింది

మా చెల్లెలు నాన్నకు ఇష్టంలేని పెళ్లి చేసుకుని వెళ్లిపోయాక మాకూ ఆమెకూ మధ్య మిగిలింది ఒక్క ఈమెయిల్. ఉత్తరం రాస్తే నాన్న చేతిలో పడుతుంది. ఫోన్ చెయ్యమంటే, గొంతు వింటే ఏడుపొస్తుంది, వద్దనేది. నంబరు కూడా ఇవ్వలేదు. సౌకార్‌పేటలోని మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టినవాళ్లు కనెక్షన్‌తోపాటు నాకొక మెయిల్ ఇచ్చారు. దానికే రాసేది, ఏడాదికి రెండు మూడుసార్లు. నాన్న బయటికి వెళ్లినప్పుడు అమ్మకు చదివి వినిపించేవాణ్ణి. ఉద్యోగం మానేసి ఊరు మారుతున్నామనీ, ఇకమీదట ఆఫీసు మెయిల్ ఉండదనీ, కుదురుకున్నాక తనే రాస్తాననీ ఆఖరిసారి రాసింది.

ఆ వానాకాలమంతా మా ఇంటర్నెట్ తెగుతూనే ఉంది. విసిగిపోయి వేరే కంపెనీకి మారాను. పాతవాళ్ల మోడెమ్ తిరిగిచ్చి, సంతకం పెట్టి వచ్చేశాను. మెయిల్ సంగతి తట్టనే లేదు.

రెండు నెలలయ్యాక అమ్మ చెల్లెలి గురించి అడిగింది.

"ఏమిరా, పాప కాడ్నించి ఏమన్నా వచ్చుండాదా? ఒక తూరి చూడు."

చూశాను. అలాంటి ఖాతా లేదని వచ్చింది.

మర్నాడే పాత కంపెనీ ఆఫీసుకు పరుగెత్తాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్లో చూసి, "కనెక్షన్ ఆపిన నెలకి మెయిల్ తీసేస్తాం సార్. ముందే తెలియజేశాం" అంది.

"ఎక్కడికి?"

"ఆ మెయిల్‌కే."

పాత ఉత్తరాలైనా ఇప్పించమన్నాను. లేవంది. డబ్బు కడతాను, అదే పేరుతో మళ్లీ తెరవమన్నాను. కుదరదంది.

"ఇప్పుడెవరైనా దానికి రాస్తే?"

"అడ్రస్ లేదని వాళ్లకే తిరిగి వెళ్తుంది సార్."

బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయాను.

చెల్లెలి అడ్రస్ తెలుసేమోనని ఆ సాయంత్రమే వ్యాసర్పాడిలో ఉండే దాని స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. "నాకు రాసి మూడేళ్లయిందన్నా" అంది ఆ పిల్ల. కాఫీ ఇచ్చింది. తాగలేకపోయాను.

ఇంటికొచ్చి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే అది రాసుంటే తిరిగి పొయ్యుంటాది. మనమే ఒద్దనుకున్నామని అనుకుంటాది గదరా?"