పైరగాలికి ఎదురు తొక్కి

గుడివాడ నుంచి హంసలదీవి దాకా, అంటే కృష్ణా నది సముద్రంలో కలిసే చోటి దాకా, డెబ్భై రెండేళ్ళ వయసులో సైకిలు మీద ఒక్క రోజులో వెళ్ళాను. ఈ వాక్యంలో గుడివాడ నిజం, హంసలదీవి నిజం, సైకిలు నిజం. వయసు డెబ్భై. మిగిలింది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందు ఎందుకు బయల్దేరానో చెప్పాలి. గుడివాడలో ఒక రైసు మిల్లుకి మేనేజరుగా చేసి రిటైరయ్యాను. గుమాస్తా అని కూడా అంటారు. మిల్లు వెనకే కాలువ. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని గట్టు మీద కూర్చుంటే నీళ్ళు నా ముందు నుంచే కిందికి వెళ్ళిపోతుండేవి. ఇవి రోజూ సముద్రానికి పోతున్నాయి, మనం మాత్రం ఇంటికీ మిల్లుకీ మధ్య తొక్కుతున్నాం అనిపించేది. ఎప్పటికైనా ఇదే సైకిలు మీద, నా కాళ్ళతో నేను, ఆ నీళ్ళ చివర దాకా వెళ్ళి చూడాలని కోరిక. ఎవరికీ చెప్పలేదు. పెద్ద కోరికే గాని చప్పుడు లేని కోరిక.

మొన్న ఫాల్గుణంలో దానికి చప్పుడొచ్చింది. కోటేశ్వరరావు టీ కొట్టు దగ్గర ఎవరో కాశీ వెళ్ళొచ్చిన సంగతి చెబుతుంటే వింటూ ఊరుకోలేకపోయాను. "నేను హంసలదీవి దాకా సైకిలు మీద వెళ్తాను" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "ఒక్క రోజులో, పొద్దు కుంకేలోగా" అని కూడా అన్నాను. కోరిక నాది. గడువు మాత్రం టీ కొట్టు కోసం పెట్టింది.

మా ఆవిడ సీతమ్మకి ఆ రాత్రే తెలిసిపోయింది. "మీరన్నారు సరే, మీ మోకాళ్ళని అడిగారా?" అంది. అని, సైకిలు వెనక కట్టుకోవడానికి పులిహోర పొట్లం, రెండు నీళ్ళ సీసాలు, నొప్పుల మందు సర్దింది. ఆవిడ అన్న సుబ్బారావు, నాకు బావ, ఇంకో అడుగు ముందుకేశాడు. "అటు చివర నీకు దండ నేనేస్తా బావా. మా అమ్మాయినిచ్చింది కోడూరేగా, దారిలోనే" అన్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాను. బావకి అలాగే చెప్పాను. పెసరట్టు తిని, రెండో కాఫీ తాగి, గేటు దాటేసరికి ఏడుంపావు.

గుడివాడ నుంచి పెడన దాకా రోడ్డు పక్కనే రైలు పట్టాలు. గుడ్లవల్లేరు దాటాక బందరు వెళ్ళే రైలొకటి నన్ను దాటిపోయింది. కిటికీలోంచి ఒకాయన చెయ్యూపాడు. నేను బెల్లు కొట్టాను. పొలాల్లో మినుము పీకేశారు. కుప్పలు వేసిన చోట్ల పావురాలు వాలి ఉన్నాయి. గాలి లేదు. సైకిలు దానంతటదే వెళ్తున్నట్టుంది. ఈ లెక్కన మూడింటికల్లా సముద్రం ముందుంటాననుకున్నాను. కౌతవరంలో ఒక టీ, వడ్లమన్నాడు దగ్గర ఇంకో టీ. టీ తాగిన ప్రతి చోటా వెళ్తున్నదెక్కడికో చెప్పాను. అడక్కపోయినా చెప్పాను.

పెడన చేరేసరికి పదిన్నర. కాలువ పక్క ఖాళీ స్థలంలో అచ్చు వేసి ఉతికిన కలంకారీ దుప్పట్లు ఆరేస్తోంది ఒకావిడ. ఎర్రటి పువ్వుల మీద కాలు పెట్టకుండా సైకిలు ఆపి, చెట్టు నీడలో పులిహోర విప్పాను. ఆవిడ ప్రతి దుప్పటికీ నాలుగు మూలలా ఇటుకలు పెడుతోంది.

"ఆకు కదలటం లేదు కదమ్మా, ఇటుకలెందుకు?"

"ఇప్పుడు లేదండి తాతగారూ. మజ్జాన్నానికి పైరగాలి వచ్చుద్దిగా. అప్పుడు దుప్పటి కోసం బందరు దాకా పరిగెత్తాలి."

"రానీ, హాయిగా ఉంటుంది" అన్నాను. ఆవిడ నా సైకిలు వంకా నా వంకా చూసి నవ్వింది. అప్పుడర్థం కాలేదు.

పులిహోర చెయ్యి కడుక్కోకుండానే ఫోను మోగింది. బావ. "ఎక్కడున్నావు?"

"బందరు దాటేశాను."

"అబ్బో!" అన్నాడు. ఆ 'అబ్బో' చెవికి ఇంపుగా ఉంది. అదే నా కొంప ముంచింది.

బందరులో కోర్టుల దగ్గర ఒక మెస్సులో భోజనం చేశాను. గోంగూర బాగుంది, పప్పుచారు ఇంకా బాగుంది. వడ్డించినాయన "ఇంకొంచెం వేసుకోండి, ఎండలో వెళ్ళాలిగా" అంటూ ముద్ద మీద ముద్ద వేశాడు. కాస్త నడుం వాల్చి, ఒంటిగంటన్నరకి చల్లపల్లి రోడ్డెక్కాను. ఊరు దాటి పొలాల్లోకి వచ్చానో లేదో, ఎదురుగా ఎవరో అరచెయ్యి ఛాతీ మీద పెట్టి నెట్టినట్టయింది.

పైరగాలి.

డెబ్భై ఏళ్ళుగా ఈ గాలి కోసం ఎదురుచూసినవాణ్ణి నేను. సాయంకాలం మంచం వాకిట్లో వేసుకుని, చొక్కా విప్పి, "తిరిగిందే, పైరగాలి తిరిగింది" అని సీతమ్మని కేకేసేవాణ్ణి. సముద్రం నుంచి వస్తుందని తెలుసు. సముద్రానికి వెళ్ళేవాడికి అది మొహానికి తగులుతుందని మాత్రం తోచలేదు. మంచం మీద పడుకుని గాలి తినేవాళ్ళమే తప్ప, దానికి ఎదురు వెళ్ళిన పాపాన పోలేదు మా ఊళ్ళో ఎవరూ. తెల్లారకుండా లేచి, గాలి తిరిగేలోగా సగం పైన దాటెయ్యాల్సిన దారి ఇది. నేను పెసరట్టు తిని బయల్దేరాను.

ఇక తొక్కుడు చూడాలి. రెండు తొక్కులు తొక్కితే ఒక తొక్కు దూరం. పంచె గాలికి బుడగలా ఉబ్బింది. అల్లంత దూరంలో కనపడ్డ తాడిచెట్టు అరగంటకి గాని దగ్గరికి రాలేదు. పక్కనుంచి మోపెడ్ మీద చేపల బుట్టతో వెళ్తున్న ఒకావిడ "దిగి నడవండి బాబాయిగారూ, తొందరగా వెళ్తారు" అని సలహా ఇచ్చి వెళ్ళిపోయింది. దిగి నడిచాను. నిజమే, తొందరగానే వెళ్ళాను.

మూడున్నరకి మళ్ళీ బావ. నేను చల్లపల్లికి ఇంకా ఇవతలే ఉన్నాను.

"పులిగడ్డ వచ్చేసింది" అన్నాను. అది నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"భేష్! నేను బస్సులో ఉన్నా బావా. అయిదున్నరకి కోడూరు సెంటర్లో దండతో ఉంటా. మా వియ్యంకుడు నీకోసం బొబ్బట్లు చేయిస్తున్నాడు."

ఫోను జేబులో పెట్టి తూము గోడ మీద కూర్చున్నాను. అయిదున్నరకి కోడూరు! గాలి లేకపోయినా నావల్ల కాదు. ఇక రెండే దారులు. బావకి నిజం చెప్పడం, లేకపోతే ఏదో ఒక బండెక్కడం. బండెక్కితే దండ పడుతుంది, బొబ్బట్లు దొరుకుతాయి, టీ కొట్టు దగ్గర నా మాట నిలబడుతుంది. కాలువ గట్టు మీద కూర్చుని అనుకున్నదొక్కటే పోతుంది. దాని సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అప్పుడే ఖాళీ ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. ముప్ఫై ఏళ్ళుంటాయి డ్రైవరుకి.

"ఏంటి మావయ్యా, చెయిన్ ఊడిందా?"

"గాలి" అన్నాను.

"ట్యూబులోనా?"

"ఊళ్ళో."

నవ్వాడు. "చేపలు దింపేసి కోడూరు వెళ్ళిపోతున్నా. సైకిలు పైన పడేద్దాం, ఎక్కండి."

విషయం చెప్పాను. దాంతో అతనికి హుషారొచ్చింది. "మరింకేం! ఊరి బయట దింపేస్తా. తలమీద రెండు దోసిళ్ళు నీళ్ళు పోసుకుని, రొప్పుకుంటా తొక్కుకొచ్చెయ్యండి. ఎవడికి తెలుస్తది?"

"అది కుదరదబ్బాయ్, మాటంటే మాటే" అని చెప్పి పంపించేశాను.

లేదు. ఎక్కాను. సైకిలు పైన వేశాం, నేను అతని పక్కన కూర్చున్నాను, ఆటో కదిలింది.

కదిలీ కదలగానే అదే పైరగాలి మొహానికి చల్లగా తగిలింది. ఎంత హాయో! కళ్ళు మూతలు పడ్డాయి. చొక్కా గుండీలు విప్పుకున్నాను. ఆ గుండీ విప్పుకోవడంతోనే నాకు నేనే పట్టుబడ్డాను. నేను మళ్ళీ మా వాకిట్లో మంచం మీదున్నాను. మంచానికి చక్రాలున్నాయి, అంతే తేడా. ఇలా వెళ్ళి సముద్రం చూడాలంటే నలభై ఏళ్ళ కిందే బస్సుంది కదా! దండ పడేది ఎవరికి? ట్రాలీ ఆటోకి.

"ఆపు బాబూ."

"ఏమైంది? కడుపులో తిప్పుతోందా?"

"దిగిపోతాను."

"ఇంకా ఫర్లాంగు రాలేదు మావయ్యా!" అని, నా మొహం చూసి ఆపేశాడు. సైకిలు దింపాడు. నేను దాన్ని వెనక్కి తిప్పి తూము వైపు నడిపించడం మొదలుపెడితే వెనకనుంచి కేకేశాడు.

"మావయ్యా, కోడూరు ఇటు!"

"తెలుసు. ఎక్కిన చోటు నుంచి తొక్కాలి."

"పిచ్చి ముదిరింది" అన్నాడు. తిట్టినట్టు కాదు, మా వాళ్ళెవరో అన్నట్టే ఉంది. హారన్ రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయాడు.

తూము దగ్గర నిలబడి బావకి ఫోను చేశాను. "బావా, నేను చల్లపల్లి కూడా చేరలేదు. ఇందాక పులిగడ్డ అన్నది అబద్ధం. అంతకుముందు బందరు దాటానన్నదీ అబద్ధమే. ఇవాళ రాను, రేపొస్తాను."

అవతల బస్సు హోరు. దాని మీంచి బావ విరుచుకుపడ్డాడు. "రేపేంటి? దండ కొనేశా! వియ్యంకుడికి ఏం చెప్పను? బొబ్బట్లో?"

"నువ్వు తిను."

"నీ మొహం!" అని పెట్టేశాడు.

చిత్రం, ఆ తర్వాత గాలి తగ్గలేదు గాని నాకు తొందర తగ్గింది. కాసేపు తొక్కడం, కాసేపు నడవడం. ఎవరికీ ఏ టైముకీ ఎక్కడా కనపడక్కర్లేదు. చల్లపల్లిలో చెరుకు రసం తాగాను. ఈసారి ఎక్కడికని అడిగినా "ఊరికే ఇలా" అన్నాను. ఏడింటికి మోపిదేవి చేరి, సత్రంలో గది తీసుకుని, రెండు ఇడ్లీలు తిని, కాళ్ళకి మందు రాసుకుని పడుకున్నాను. గది చిన్నది, శుభ్రంగా ఉంది, ఫ్యాను చప్పుడు చేస్తుంది. వెళ్ళేవాళ్ళు ముందుగా ఫోను చేసుకుంటే మంచిది.

మర్నాడు నాలుగున్నరకి బయల్దేరాను. ఇది మాత్రం నిజమే, సత్రం కాపలాదారు సాక్షి. ఆకు కదలటం లేదు. పులిగడ్డ అక్విడక్టు మీదికి వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. కింద నది, పైన కాలువ. నదిని దాటుకుని కాలువ దివిసీమలోకి వెళ్తోంది, దాని పక్కన నేను. మా మిల్లు వెనక నీళ్ళకి ఇవి ఏమవుతాయో గాని చుట్టాల్లా కనపడ్డాయి. అవనిగడ్డలో వేడి వేడి పూరీ. కోడూరు సెంటర్లో దండ లేదు, బావ లేడు, ఆగకుండా దాటేశాను. అక్కణ్ణుంచి రెండు పక్కలా రొయ్యల చెరువులు, తర్వాత ఉప్పు వాసన, తర్వాత ఇసుక. తొమ్మిదింటికి, హంసలదీవి ఊరు దాటాక, పాలకాయతిప్ప దగ్గర సముద్రం కనపడింది.

రోడ్డు చివర ఆటో పక్కన బావ నిలబడి ఉన్నాడు. చేతిలో తడి గుడ్డ చుట్టిన పొట్లం.

"బంతిపూలు కాబట్టి బతికాయి" అన్నాడు కోపంగా. దండ నా మెడలో వెయ్యబోతే సైకిలు హ్యాండిల్‌కి వేయించాను. నది కలిసే చోటు ఇంకా ముందుంది. అటంతా ఇసుక. సైకిలు నన్ను మొయ్యలేదు, నేనే దాన్ని నడిపించాను. బావ వెనకనుంచి తోశాడు.

అక్కడ చూడ్డానికేముంది అంటే పెద్దగా ఏమీ లేదు. గోధుమరంగు నీళ్ళు వచ్చి నీలం నీళ్ళలో ఆగుతాయి. ఎక్కడ ఆగాయో చూద్దామనుకుంటే కనపడదు. మోకాలి లోతు దిగి, ముందు చక్రం తడిపి, చాలాసేపు నిలబడ్డాను. అరవాలనుకున్నాను. అరవలేదు. చెప్పుకోవాలనిపించలేదు కూడా.

బావే మెల్లగా చెప్పాడు. "నిన్న సాయంత్రం కోటేశ్వరరావుకి ఫోను చేశా. మా బావ పొద్దు కుంకేలోగా వచ్చేశాడని చెప్పేశా."

"నిన్నెవరు చెప్పమన్నారు?"

"నీ పరువు కోసం కాదులే. మా చెల్లెలి పరువు."

అంటే దండా, పేరూ రెండూ వచ్చేశాయి. నేను నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం కష్టం కాదు గాని, నిన్న తూము దాకా వెనక్కి నడిచిన ఫర్లాంగు దండగైపోతుంది.

కోడూరులో వియ్యంకుడి ఇంట్లో భోజనం చేశాం. నిన్నటి బొబ్బట్లు నెయ్యి వేసి వేడి చేశారు, ఇవాళే ఇంకా బాగున్నాయేమో. రెండున్నరకి తిరుగు ప్రయాణం. బస్సులో వెళ్దామన్నాడు బావ. పులిగడ్డ దాకా సైకిలు మీద వస్తే తర్వాత బస్సెక్కుదామన్నాను. వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. ఆ బరువుతో నన్ను చూసి జాలిపడతారేమో, అక్కర్లేదు. ఈసారి పైరగాలి వెనకనుంచి.

అక్విడక్టు మీదికి మాత్రం ఇద్దరం దిగి నడిచాం. పైన నిలబడి కోటేశ్వరరావుకి నేనే ఫోను చేశాను.

"మేనేజరు గారూ! దిగ్విజయంగా వెళ్ళారంటగా?"

"నిన్న కాదు కోటేశ్వరరావు. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి. మధ్యలో ఒక ఫర్లాంగు ఆటో కూడా ఎక్కాను. మా బావ చెప్పింది అబద్ధం."

అవతల గ్లాసులు కడుగుతున్న చప్పుడు. "అదండీ సంగతి! నిన్న సాయంత్రమే అంటే మేమెవరం నమ్మలేదు. మీరు ఒక్క రోజన్నప్పుడే ఇక్కడ అందరం రెండ్రోజులు వేసుకున్నాం."

"మరి అప్పుడే అనొచ్చుగా!"

"మీరు ముచ్చటపడి చెప్తున్నారు, ఎందుకులే అని" అన్నాడు. "తొక్కి వెళ్ళారుగా? అది చాలు. రండి, టీ పెడతా."

నిన్నంతా ఎవరి గడువు కోసం రొప్పానో తెలుసుకుని కాసేపు నవ్వుకున్నాను. ఆ గడువు నేను తప్ప ఎవరూ పెట్టుకోలేదు. ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళకి నేను చెప్పేది రెండు మాటలు: తెల్లారకుండా లేవండి, వెళ్ళొచ్చాక చెప్పండి.

బావ మళ్ళీ క్యారియర్ ఎక్కాడు. అక్విడక్టు దిగుడులో సైకిలు జోరందుకుంది. హ్యాండిల్‌కి బంతిపూలు ఊగుతున్నాయి, వీపు మీద పైరగాలి.

"ఈ వయసులో ఇంత స్పీడా బావా! ఎలా తొక్కుతున్నావు?" అన్నాడు వెనకనుంచి.

"అలవాటు" అన్నాను.

నిజానికి అప్పుడు నా కాళ్ళు కదలటం లేదు.