లాడ్జికి వచ్చిన సభల ఫోన్లు

కృపమణి ఎమ్మిగనూరులో వెబ్‌సైట్లు తయారుచేసి నడుపుతుంది. ఆదోనిలో డిగ్రీ చదివే రోజుల్లో నెట్ సెంటర్‌లో కూర్చుని నేర్చుకున్న పని. మొదట్లో వాళ్లమ్మకే అర్థం కాలేదు. "సైటంటే ఇంటి జాగా కదమ్మా. అందరికీ జాగాలు నువ్వు యాడ నుంచి తెచ్చిస్తావు?" అంది.

నిజానికి కృపమణికి ఉన్న జాగా అద్దెకు తీసుకున్న ఒక్క సర్వరే. మంత్రాలయం లాడ్జి, చీరల అంగడి, బనగానపల్లె మామిడితోట, అందరి సైట్లూ అందులోనే. ఎవరైనా ఫోన్‌లో ఒక పేరు కొడితే సర్వర్ ఆ పేరు చూసి, దానికి చెందిన పేజీ తీసిస్తుంది. ఏ పేరుకు ఏ పేజీ ఇవ్వాలో సెట్టింగుల్లో రాసేది కృపమణి.

మొన్న వేసవిలో వాళ్ల చర్చి ఉజ్జీవ సభలకు సైటు పెట్టమని పాస్టర్ లేవి అడిగాడు. ఆమె ఒకరోజు పొద్దున్నే ఆ సైటు పేరు సెట్టింగుల్లో ఎక్కించి, మామిడితోట ఫోటోల కోసం బనగానపల్లె బస్సెక్కింది. తొందరలో ఒకసారైనా తెరిచి చూడలేదు. తోటలో సిగ్నల్ లేదు. తిరుగు ప్రయాణంలో కర్నూలు బస్టాండులో దిగేసరికి పాస్టర్ ఫోన్.

"ఏమ్మా కృపమణీ, మన సభల సైటు తెరిస్తే మంత్రాలయంలో రూములు ఉండాయంటాండాదే!"

ఆమె అక్కడే బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచింది. సెట్టింగుల్లో చర్చి సైటు పేరులో ఒక అక్షరం తప్పు పడింది. తనకు తెలియని పేరు వస్తే సర్వర్ వరసలో మొదటి సైటును చూపిస్తుంది. మొదటి ఖాతాదారు లాడ్జి. అక్షరం దిద్ది, సెట్టింగులు మళ్లీ ఎక్కించింది. తెలియని పేర్లకు ఎవరి సైటూ చూపకుండా, ఆ చిరునామా ఇక్కడ లేదని చెప్పే పేజీ ఒకటి వరసలో ముందు పెట్టింది. ఒక్కో సైటూ తెరిచి చూసుకున్నాక, బెరుకుగా లాడ్జికి ఫోన్ చేసింది.

లాడ్జి నడిపే అనసూయమ్మ ఎత్తింది.

"పొద్దుటి నుంచి నీకు చేస్తానే ఉండా పాపా. సైటులో మా నంబరు చూసి, సభలు యాడ జరుగుతాండాయని ఎవరెవరో అడుగుతాండారు."

"తప్పు నాదేనమ్మా. శానా ఇబ్బంది పెట్టినాను. మీరేం చెప్పినారు వాళ్లకు?"

"నాకేం తెలుసు? మాకు పాలు పోసే యేసుప్రసాద్ మీ చర్చికే వస్తాడంట కదా. ఆయప్పను అడిగి, యాడ బస్సు దిగల్ల, ఎట్ల పోవల్ల, అన్నీ చెప్తాండా. భోజనాలు గూడా ఉండాయని చెప్పినా. ఉండాయి కదా?"

"ఉండాయమ్మా," అంది కృపమణి.

సభలు ముగిసిన వారానికి ఆమె మంత్రాలయం వెళ్లింది. కోప్పడితే పడదామనే వెళ్లింది. అనసూయమ్మ కౌంటర్ పక్కన కుర్చీ వేసి కాఫీ తెప్పించింది. సర్వర్ సంగతి ఎత్తనే లేదు.

"కోసిగి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసినాడు పాపా. మోకాళ్ల నొప్పులంట, కింద కూర్చోలేనన్నాడు. వచ్చినాడా?"

"వచ్చినాడమ్మా, చేతికర్రతో. కుర్చీ వేయించినాము."

"మంచి పని చేసినారు," అని అనసూయమ్మ అప్పుడే వచ్చిన యాత్రికులకు తాళం చెవి ఇవ్వడానికి లేచింది.