అవ్వ తోమిన తొట్టి

మనవరాలి ఇంట్లో చేపల గాజు తొట్టి మూత తీస్తే నాచు వాసన గుప్పుమంది. నా ఈడు ఆళ్లగడ్డ వాళ్లారా, డెబ్బయ్యేళ్ల కిందటి మన రాతి తొట్ల నాచు వాసన మీకూ గుర్తుందా?

విగ్రహం చెక్కుతుండగా బీటవారిన రాయి పూజకు పనికిరాదు. అలాంటి ఒక రాతిని శిల్పి అయిన మా నాయన నాకు తొట్టిగా తొలిచి ఇచ్చాడు. ఏటి ఇసుక పరిచి, నాచు నాటి, చిన్న చేపలను వదిలాను. బడి వదిలితే ఆ తొట్టి దగ్గరే నేను.

ఉగాదికి ముందు ఇల్లు కడుగుతూ అవ్వ నాచంతా పీకేసి, తొట్టిని సున్నంతో తోమి, కొత్త నీళ్లు పోసి చేపలను అందులోనే వేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

“ఏడుస్తావేందే? పాచి పోయి తొట్టి ఎట్ల మెరుస్తాందో చూడు!” అంది అవ్వ. ఇరుగుపొరుగు వాళ్లూ మెచ్చుకున్నారు.

ఇప్పటికీ ఎవరైనా మా ఇల్లు అద్దంలా ఉందంటే నాకు ఒళ్లు మండుతుంది.