జడ్జిగారి నక్షత్రాలు, అక్కగారి దిండ్లు

వీధిలో అందరూ ఆయన్ని జడ్జిగారు అంటారు. నిజానికి ఆయన కోర్టు గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. చేసేది గోడ గడియారాల రిపేరు. మెట్ల కింద అలమారంత కొట్టు, అందులో ఒక బల్ల, ఒక దీపం, గోడల నిండా తలా ఒక టైము చూపించే గడియారాలు. పాత గడియారాల విడిభాగాలు బజార్లో దొరకడం ఏనాడో మానేశాయి కాబట్టి, తాళంచెవి దగ్గర్నుంచి లోలకం దాకా అన్నీ ఆన్‌లైన్ వేలంలోనే పాడుకుంటారు. అక్కడ సరుకు చేతికందాక, అమ్మినవాళ్లకు నక్షత్రాలు ఇవ్వాలి. ఆ ఇవ్వడంలోనే ఆయనకీ బిరుదు అంటుకుంది.

మనలాంటి వాళ్లం ఏం చేస్తాం? వస్తువు నచ్చితే ఐదు నొక్కుతాం, నచ్చకపోతే ఒకటి నొక్కి చేతులు దులుపుకుంటాం. జడ్జిగారి దృష్టిలో అది మహాపాపం. పార్శిల్ ఇంట్లోకి రాగానే ఆయనకు వంటింటి త్రాసు కావాలి.

"పిండి తూచుకోవడానికి కొనుక్కున్నానండీ దాన్ని" అని భార్య మొత్తుకుంటుంది. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది, మొత్తుకునేవాళ్లను రోజూ చూస్తుంది, అయినా ఇంటికొచ్చి తనూ మొత్తుకోక తప్పదు.

జడ్జిగారు వినిపించుకోరు. పార్శిల్ బరువు చూసి, తపాలా రేట్లతో పోల్చి, అట్టపెట్టెకూ టేపుకూ కొంత కలిపి, పోస్టాఫీసు దాకా నడిచిన కాళ్లకు ఇంకొంత కలిపి, అప్పుడు పోస్టేజీ న్యాయమో అన్యాయమో తేలుస్తారు. పంపడంలో ఆలస్యం సంగతీ అంతే. మధ్యలో వచ్చిన సెలవులు తీసేస్తారు. తపాలా బండి చెడిపోతే ఆ పాపం అమ్మినవాడి నెత్తిన రుద్దరు. పోస్టాఫీసు ముద్ర మీద తేదీ కనిపిస్తే సరే, లేకపోతే పార్శిల్ చేతికొచ్చిన రోజు నుంచి వెనక్కి లెక్క కడతారు. ముద్ర చాలాసార్లు ఒట్టి నల్లటి మరకే.

"తాళంచెవి కారుచౌకగా ఇచ్చి, పోస్టేజీ మాత్రం ఏనుగును పంపినట్టు లాగుతాడే, వాడికంటే ధర ఎక్కువ చెప్పేవాడే నయం. వాడు మొహం మీదే అడుగుతున్నాడు కదా" అంటారు.

పాత గడియారాలు కొనేవాళ్లంతా ముందు ఆయనేం రాశారో చూసి, ఆ తర్వాతే పాట పెంచుతారు. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలియనట్టు ఉంటారు.

ఆర్నెల్ల కిందట ఆయన అక్క ఉద్యోగం నుంచి రిటైరై తమ్ముడి ఇంటికి వచ్చి చేరింది. ఒక్క క్షణం ఊరికే కూర్చోలేని మనిషి. వచ్చిన వారానికే కుట్టుమిషను ముందేసుకుని దిండ్లు కుట్టడం మొదలుపెట్టింది. తమ్ముడు కొట్లో, మరదలు ఆసుపత్రిలో ఉంటారు కాబట్టి పార్శిళ్లు తీసుకునే పని కూడా ఆవిడదే.

సరిగ్గా అప్పటినుంచే లోకం చెడిపోయింది. అంటే, జడ్జిగారి లెక్కలో. పోస్టేజీ చూస్తే కొండంత, పెట్టె బరువు చూస్తే పిడికెడు. ప్యాకింగ్ పేరుకు కూడా ఉండదు. రావలసిన రోజుకు ఒక్క పార్శిలూ రాదు. ఐదేసి నక్షత్రాలు పుచ్చుకునే పాత అమ్మకందార్లు కూడా మూడుకీ రెండుకీ దిగిపోయారు.

"మనుషుల్లో నీతి అడుగంటిపోయింది" అన్నారాయన ఒకరోజు.

"అందరూ కూడబలుక్కుని ఒక్కసారే చెడిపోయారంటారా?" అంది భార్య.

"అంటురోగాలు ఎలా వస్తాయనుకున్నావ్ మరి?"

ఇలాంటి రోజుల్లో 'గంటలకొట్టు' అనే కొత్త ఖాతా నుంచి ఆయన ఒక పింగాణీ డయలు పాడుకున్నారు. డయలు చూస్తే కళ్లకద్దుకోవాలనిపించింది. కానీ అంత పెద్ద పెట్టెలో అదొక్కటీ ఓ న్యూస్‌పేపరు చుట్టుకుని అటూ ఇటూ దొర్లుతోంది. తూచారు. మొహం గంటు పెట్టుకున్నారు. వస్తువుకు ఐదు, పంపిన వేగానికి రెండు, ప్యాకింగుకూ పోస్టేజీకీ చెరొకటీ ఇచ్చి, కింద ఇలా రాశారు: "చిన్న వస్తువు, పెద్ద పెట్టె, మధ్యలో గాలి. గాలికి కూడా పోస్టేజీ కట్టించుకున్నారు."

ఆ వాక్యం ఆయనకు తెగ నచ్చింది. భార్యకు రెండుసార్లు చదివి వినిపించారు.

గురువారం సాయంత్రం అమ్మినావిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మా నాన్నగారి గడియారాల కొట్టు మూసేశాక, మిగిలిన సామాను అమ్మి ఇల్లు నడుపుకొస్తున్నాను. వేలంలో నేను కొత్త. ఈ ఆదివారానికి నా సగటు నాలుగు నక్షత్రాలకు చేరకపోతే ఖాతా తీసేస్తారు. మీరు రాసింది చూసి ఇప్పటికే ఇద్దరు పాట మానుకున్నారు. జాలిపడి నక్షత్రాలు ఇవ్వకండి. పంపిన రోజు తీసిన ఫోటో, పోస్టాఫీసు రసీదు జతచేస్తున్నాను. చూసి, మళ్లీ లెక్క కట్టండి."

ఫోటోలో త్రాసు మీద అదే పెట్టె, మూత తీసి ఉంది. డయలు చుట్టూ, కిందా మీదా, నారింజరంగు ఊలు ముక్కలు దట్టంగా కుక్కి ఉన్నాయి. రసీదు మీద తేదీ ఆవిడ పంపుతానన్న తేదీయే.

"ఫోటో కోసం ఎంతైనా కుక్కుతారు" అని జడ్జిగారు కుర్చీలో వెనక్కి వాలారు. వీపుకు మెత్తగా తగిలింది. నిన్ననే అక్క పెట్టిన కొత్త దిండు. ఎందుకో అనుమానం వచ్చి తీసి చూశారు. కుట్టు సందులోంచి నారింజరంగు ఊలు తొంగిచూస్తోంది.

"అక్కా!"

అక్క మిషను ఆపకుండానే, "ఏంట్రా?" అంది.

"నా పార్శిళ్లు నువ్వు విప్పుతున్నావా?"

"విప్పి, మళ్లీ నీట్‌గా అతికిస్తున్నాను కదరా. నీ చేతికిస్తే కత్తితో పొడిచి, బంగారంలాంటి స్పాంజీ, ఊలూ అంతా చెత్తబుట్ట పాలు చేస్తావ్. చూస్తూ ఊరుకోమంటావా?"

"వచ్చిన రోజే ఇవ్వొచ్చుగా?"

"టేపు చిరక్కుండా ఊడదీయడం అంత తేలికనుకున్నావా? నాకు తీరికైనప్పుడు చేస్తాను. అయినా ఏమైంది, ఒక్కటైనా విరిగిందా? పేపరు చుట్టి మరీ పెడుతున్నానే!"

భార్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ, "ఇన్నాళ్లూ మనింట్లో వదిన దిండ్లు లావెక్కుతున్నాయి, అక్కడ పాపం వాళ్ల నక్షత్రాలు చిక్కిపోతున్నాయి" అంది.

జడ్జిగారికి నవ్వు రాలేదు. ఆర్నెల్లుగా తను తూచింది దిండ్లకు పోగా మిగిలిన పార్శిళ్లను. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి కొట్టు తన గాలి వాక్యంతో మూతపడబోతోంది.

వెంటనే రాసేస్తే అయిపోయేది. ఇచ్చిన నక్షత్రాలు ఒకసారి మార్చుకునే వీలుంది కూడా. కానీ ఇన్నేళ్ల పేరు! మొదట రాసినదాంట్లో తప్పంతా అక్కదే అయింది. బాగోలేదని చెరిపేశారు. మర్నాడు రాసినదాంట్లో "కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని వచ్చింది.

"ఊలు సాంకేతికం ఎప్పుడయిందండీ?" అంది భార్య. అదీ చెరిపేసి, ఆలోచించుకోవాలంటూ కొట్టుకు వెళ్లిపోయారు. అక్కడ కూర్చుని ఒక్క గడియారమూ ముట్టుకోలేదు.

శనివారం మధ్యాహ్నం అక్క స్వయంగా కొట్టుకొచ్చింది. వస్తూనే ఆయన ఫోను తీసి ఆయన ముందే పెట్టింది.

"ఒరేయ్, రేపటితో ఆ పిల్ల కొట్టు కట్టేయాలి. నీ పరువు కొనేవాళ్లెవరూ ఆ వేలంలో లేరు గానీ, రాయి."

"నీ పేరు బయటికొస్తుందే."

"నా పేరు పెట్టుకో. నేనేమైనా జడ్జినా, పరువు పోవడానికి?"

ఆయన అక్క పేరు పెట్టలేదు. ఐదేసి నక్షత్రాలు ఇచ్చి, కింద రాశారు: "ఈ పార్శిల్ ప్యాకింగ్ మా ఇంట్లోనే తీసేశారు. అది తెలియక మిగిలినదాన్ని తూచి, అమ్మినవారిని నిందించాను. పోస్టేజీ న్యాయమైనది. చెప్పిన రోజే పంపారు. ఈ సంగతి నాకు గురువారమే తెలిసింది. తప్పు నాది."

"ఆ గురువారం ఎందుకురా మధ్యలో?" అంది అక్క.

"నిజం కాబట్టి" అని నొక్కేశారు. నొక్కాక గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ ఊపులో ఆర్నెల్ల తీర్పులన్నీ తిరగదోడి, మిగిలినవాళ్ల నక్షత్రాలు కూడా వాళ్లకు తిరిగి ఇచ్చేశారు. ఆదివారం దాటినా 'గంటలకొట్టు' చెక్కుచెదరలేదు. పాట మానుకున్న ఇద్దరిలో ఒకాయన మళ్లీ వచ్చి రెండు లోలకాలు పాడుకున్నాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో పార్శిల్ విప్పడం ఓ తంతు. అక్క గోనెసంచి పట్టుకుని పక్కన నిలబడుతుంది. జడ్జిగారు ముందు తూచి, కత్తెరతో టేపు మెల్లగా కోసి, స్పాంజీ ఆవిడ సంచిలో వేసి, అప్పుడు వస్తువు చూసుకుంటారు.

అలాంటి ఓ సాయంత్రమే ఫోను మోగింది. ఆ వేలంలో అమ్మినవాళ్లు కూడా కొన్నవాళ్లకు నక్షత్రాలు ఇవ్వొచ్చు. 'గంటలకొట్టు' ఇచ్చింది. భార్య ఫోను అందుకుని పైకి చదివింది.

"డబ్బు కట్టిన వేగం, ఐదు. మాట మర్యాద, ఐదు. నిజాయితీ, ఐదు. క్షమాపణ, నాలుగు." అక్కడ ఆగి, ఓరగా ఆయన వైపు చూసి, మిగతాది చదివింది. "క్షమాపణ నిఖార్సైనది. కానీ గురువారం సిద్ధమైన సరుకు శనివారం పంపారు. ఇందులో తపాలావాళ్ల తప్పేమీ లేదు. అందుకని ఒకటి తగ్గించాను."

ఆయనకు ఇన్నేళ్లలో ఐదుకు తక్కువ ఇచ్చినవాళ్లు లేరు. ఉక్రోషంగా ఫోను లాక్కుని మళ్లీ చదువుకున్నారు. గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, గురువారానికీ శనివారానికీ మధ్య వేలు పెట్టి కాసేపు చూశారు.

"సెలవు కూడా లేదు" అన్నారు చివరికి. "ఆ అమ్మాయి సరిగ్గానే ఇచ్చింది."